ఆడవాళ్ల కట్ట

“ఆవిరి తగ్గించావు, మంట పెరిగింది. ఇంకో ఆకుల కట్ట వేసి మరిగించుకో.”

“నాలుగేళ్లుగా మరిగిస్తూనే ఉన్నాను కదే ఎవులోహియా. నేనేమన్నా దుంపనా, ఉడకడానికి?”

“మెల్లగా మాట్లాడు. నీ ఆకు నీకే పనిచెయ్యట్లేదని తెలిస్తే రేపు కొనేదెవరు?”

పరాగ్వే దేశపు అసున్సియోన్‌లో, పెద్ద సంతలో పక్కపక్కన ఆకులమ్మే ఇద్దరి గొడవ అది. డెర్లిస్ బండి ఆపుతూ అంతా విన్నాడు. పీట మీంచి లేచి నిలబడిన సునిల్దా అతని పిన్ని. ఇంజనీరింగ్ రెండో ఏట మానేసి, ఒకచోట కుదురుగా ఉండలేక తిరిగేవాడు అతను. పిన్నికీ కుదురు లేదు, కానీ కారణం వేరు. ఇటు ఒత్తిగిలేది, అటు ఒత్తిగిలేది, లేచేది. అక్కడివాళ్లు చల్లగా తాగే తెరెరె అనే ఆకు పానీయంలోకి మందాకులు కూడా నిలబడే దంచేది. కూర్చుంటే కింద కారం పూసినట్టు మంట. చూపించుకున్న ప్రతిచోటా ఫంగస్ అని పూత మందు రాశారు. ఆ పూత చాలదని రోజూ సాయంత్రం ఆమె తన ఆకుల కట్ట మరిగించి, ఆవిరి మీద కూర్చుని, ఆ నీళ్లతోనే కడుక్కునేది. వాళ్లమ్మ నేర్పిన కట్ట. సగం పేట ఆడవాళ్లు కొనేది అదే.

“ఎక్కు పిన్నీ. ఆసుపత్రిలో కొత్త డాక్టరమ్మ ఉందట.”

“బండి మీద కూర్చోలేను రా.”

“అయితే బస్సులో నిలబడదాం.”

డాక్టరమ్మ దూది పుల్ల కొనతో ఒక్కోచోట తాకి, ఎక్కడ మండుతోందో అడిగింది. ఆ తర్వాత మందుల చీటీ చదవడానికి సునిల్దా డెర్లిస్‌ను లోపలికి పిలిచింది. చీటీ మీది అక్షరాలు చీమల్లా ఉన్నాయి మరి.

“ఫంగస్ లేదు,” అంది డాక్టరమ్మ. “అక్కడి నరాలు ఊరికే రేగుతున్నాయి. ఇది మీ ఊహ కాదు. ముందు ఆవిరి, ఆకు నీళ్లు, సబ్బు ఆపండి, అవి మంటను ఇంకా పెంచుతాయి. ఉత్త నీళ్లు చాలు. తిమ్మిరెక్కించే పూత రాశాను. రాత్రికి చిన్న మాత్ర. బిగుసుకున్న కండరాలు వదులవడానికి వ్యాయామం నేర్పుతారు. వారాలు పడుతుంది. ఆపరేషన్ మాట ఇప్పుడు అక్కర్లేదు.”

“ఆ మాత్ర దిగులు జబ్బుకని ఫోన్‌లో ఉంది,” అన్నాడు డెర్లిస్.

“తక్కువ మోతాదులో నరాలను శాంతపరుస్తుంది.”

సునిల్దా మాత్ర సంగతి పట్టించుకోలేదు. “ఆ ఆకు నేనే అమ్ముతానమ్మా,” అంది నెమ్మదిగా.

“తాగడానికి అమ్మండి.”

ఆరు వారాలకు మంట పోలేదు గానీ, పీట మీద అరగంట కూర్చోగలుగుతోంది. “మహారాణి సింహాసనం ఎక్కింది,” అని ఎవులోహియా ఎగతాళి చేసింది. అప్పుడే ఒక కుర్రపిల్ల వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“అత్తా, కింద మంట. ఆడవాళ్ల కట్ట ఒకటి ఇవ్వు.”

సునిల్దా చెయ్యి కట్ట దాకా వెళ్లి ఆగింది. ఎవులోహియా మోచేత్తో పొడిచింది.

“ఇవ్వను తల్లీ,” అంది సునిల్దా. “దేనివల్ల మంటో డాక్టరు చూడాలి. నేను అది తెలీకుండానే నాలుగేళ్లు మరిగించుకున్నాను.”

పిల్ల వెళ్లిపోయింది. “ఇక మనం ఈగలు తోలుకుందాం,” అని ఎవులోహియా మొహం తిప్పుకుంది. సునిల్దా ఒక అట్టపెట్టె చించి, ఆ ముక్కను పక్కనే ఉన్న డెర్లిస్ ముందుకు తోసింది.

“కాలేజీ మానేశావు గానీ అక్షరాలు మానలేదు కదా. అలాంటి పిల్లలకు దూరం నుంచే కనబడేట్టు రాయి. ఈ కట్ట తాగడానికే, కింద మంటకు కాదు, మంటగా ఉంటే డాక్టరుకు చూపించుకోమని. దాని కింద, నాలుగేళ్లు ఆవిరి మీద కూర్చున్నది సునిల్దానే అని రాయి. నా పేరు పెద్దగా రాయి.”