జలగ కాలు ఎక్కడుంది?

మా బావకి అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలప్యాకెట్ ఇస్తే నాలుగు మూలలూ నొక్కి చూసిగానీ తీసుకోడు. ఇంటికి తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తాడు, సందు చివరిదాకా నడుస్తాడు, మళ్ళీ వెనక్కొచ్చి మూడోసారి లాగుతాడు. అక్క తలనొప్పిగా ఉందంటే మాత్ర మీద తారీఖు చదివి, దీపం కింద పెట్టి ఇంకోసారి చదివి, అప్పుడిస్తాడు. ఈలోగా అక్క తలనొప్పి తగ్గిపోతుంది. పెళ్ళై ఇరవై ఏళ్ళయినా సరే, నేను ఆదివారం భోజనానికి వెళితే "ఏంటి బామ్మర్దీ, ఏం పని మీద వచ్చావ్?" అంటాడు. తినడానికే వచ్చానంటే నమ్మడు.

ఈ మహానుభావుడికి స్టేడియంలో ఉద్యోగం ఇప్పించింది నేనే. పదిహేనేళ్ళ కిందట ఆయన పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికే నేను బాస్కెట్‌బాల్ మ్యాచుల్లో గడియారం నడిపేవాణ్ణి. మేనేజర్ చెవిన వేస్తే, నేల తుడిచే పని ఉందన్నాడు. చిన్నపని అనుకుంటాడేమోనని భయపడ్డాను. బావ ఆ పనిని తలకెత్తుకున్నాడు.

ఆట చూసేవాళ్ళకి ఆ పని కనబడదు. బుట్ట కింద, గీతకి అవతల, ఒక పొట్టి స్టూలు మీద తువ్వాలు పట్టుకుని కూర్చోవాలి. ఆటగాడు కింద పడితే చాలు, అక్కడ చెమట మరక పడుతుంది. విజిల్ మోగగానే పరుగెత్తుకెళ్ళి తుడిచి, తువ్వాలు పైకెత్తాలి. అది ఎత్తితేనే రిఫరీ బంతి ఇస్తాడు, నేను గడియారానికి సిద్ధమవుతాను. మిగతావాళ్ళు రెండుసార్లు రాసి లేచిపోతారు. బావ మూడుసార్లు రాసి, మోకాళ్ళ మీద వంగి, మణికట్టు వెనకవైపు నేలకి ఆనించి చూస్తాడు. అరచేతులు కాయలు కాసి తడి తెలియదట, మణికట్టుకి తెలుస్తుందట. తుడిచింది తనే, అయినా తన తువ్వాలు మీద తనకే అనుమానం. ఆయన ఉన్న పక్క పదిహేనేళ్ళలో ఒక్కడు కూడా జారి పడలేదు.

అక్కణ్ణుంచి ఆయనకి కనిపించేవి కాళ్ళే. ముఖాలు చూడాలంటే మెడ ఎత్తాలి. ఎవడు ఎవడి కాలు తొక్కాడు, ఎవడు రిఫరీ అటు తిరగగానే మోకాలు అడ్డం పెట్టాడు, అన్నీ ఆయనకి తెలుసు. అందుకే మా టీమ్ డిఫెండర్ జలగ అంటే ఆయనకి పడదు. జలగ అనేది జనం ముద్దుగా పెట్టిన పేరే. పట్టుకుంటే వదలడు. అవతలి షూటర్‌కి ఊపిరాడనివ్వడు, చెయ్యాడనివ్వడు. రెండేళ్ళ కిందట ఒక కుర్రాడు షాట్ కొట్టి కిందికి దిగేచోట జలగ కాలు ఉంది. ఆ కుర్రాడి చీలమండ విరిగింది. పొరపాటని తేల్చారు. బావ మాత్రం తేల్చలేదు. అప్పట్నుంచి ఆయన చూపు జలగ బూట్ల మీదే.

ఇంట్లో తంటా ఏమిటంటే, మా మేనకోడలికి జలగే దేవుడు. పిల్ల కాలేజీ టీమ్‌లో డిఫెండర్. మంచం ఎదురుగా గోడ మీద అతని ఫొటో అంటించింది. ఆదివారం అన్నాల దగ్గర తండ్రీకూతుళ్ళకి ఇదే గొడవ.

ముందొచ్చి నిలబడితే అది డిఫెన్స్ అంటాడు ఆయన, గాల్లోకి లేచినవాడి కింద కాలు పెడితే అది కుట్ర. పిల్ల ఒంటికాలి మీద లేస్తుంది. జీతం తీసుకుని ఆడేవాళ్ళు మెత్తగా ఆడితే ఎవరు చూస్తారంటుంది. అవతలివాడికి భయం పుట్టించడం కూడా ఆటే అంటుంది. భుజంతో తోస్తే ఫౌల్, ఛాతీతో ఆపితే కాదు, ఆ తేడా రిఫరీకి తెలుసు, నీకెందుకు నాన్నా అంటుంది. రిఫరీకి వీపు వెనక కళ్ళుంటాయా అని ఆయన. నన్ను తీర్పు చెప్పమనేవాళ్ళు. నేను నోట్లో ముద్ద పెట్టుకుని తప్పించుకునేవాణ్ణి. అక్క మాత్రం, కంచాలు ఎవరు తీస్తారో ముందు అది తేల్చండి అనేది.

ఈసారి సెమీఫైనల్లో ఆ గొడవ మా పీకల మీదికి వచ్చింది.

ఆఖరి క్వార్టర్. అవతలి టీమ్‌లో ఎడంచేతి షూటర్ ఒకడున్నాడు, ఆ రోజు వాడు పట్టిందల్లా బుట్టలో పడుతోంది. వాడి చేతిలోంచి బంతి లాక్కోబోయి జలగ బావ ముందే బోర్లా పడి, గజం దూరం జారాడు. విజిల్ మోగింది. జలగ లేచి ఎడంచేతివాడి మొహంలో మొహం పెట్టి ఏదో అన్నాడు. ఇద్దరూ ఛాతీలు ఆనించుకున్నారు. బావ వచ్చి తుడిచి, తువ్వాలు ఎత్తాడు. ఆట మొదలైన కాసేపటికే ఎడంచేతివాడు సరిగ్గా అక్కడే గాల్లోకి లేచి షాట్ కొట్టాడు. జలగ వాడి మీదికి దూసుకొచ్చాడు. బంతి బుట్టలో పడింది, వాడు నేల మీద పడ్డాడు. పాదం పక్కకి తిరిగిపోయి ఉంది. స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు.

టీవీలో పదేపదే చూపించారు. ఒక కెమెరాకి రిఫరీ వీపు అడ్డం. పైనున్న కెమెరాలో రెండు బూట్లూ పక్కపక్కనే ఉన్నాయి, ఏది ముందో తెలియదు. జనం మాత్రం తేల్చేశారు, జలగే కాలు పెట్టాడని. లీగ్ వాళ్ళు విచారణ వేశారు. కావాలని చేశాడని తేలితే రెండు సీజన్లు నిషేధం. జలగకి ముప్పై నాలుగేళ్ళు. రెండు సీజన్లు పోతే ఇక ఆట లేదు.

అంత దగ్గరగా చూసిన మనిషి బావ ఒక్కడే. ఆరడుగుల దూరం. మేనేజర్ అడిగితే అక్కడికక్కడే, కాలు కింద పెట్టాడు, నేను చూశాను అని చెప్పేశాడు. సాక్షిగా రమ్మని కాగితం వచ్చింది. నన్నూ రమ్మన్నారు, గడియారం నాది కాబట్టి.

పిల్ల తండ్రితో మాట్లాడడం మానేసింది. నీళ్ళ గ్లాసు కూడా అమ్మచేత పంపేది. బావ పట్టించుకోనట్టు తిరిగాడుగానీ, ఆమె గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు నడక నెమ్మదించేది. నేను చూశాను.

ఇంకోటి కూడా చూశాను. అదే నన్ను నిద్రపోనివ్వలేదు. బావ తువ్వాలు ఎత్తేదాకా ఎంతసేపు పడుతుందో నాకు ఒంట్లో ఉంటుంది. పదిహేనేళ్ళ అలవాటు. ఆ రోజు తువ్వాలు తొందరగా లేచింది. రెండుసార్లు రాశాడు, వంగలేదు, చెయ్యి ఆనించలేదు. మెడ తిప్పి జలగనే చూస్తూ తువ్వాలు ఎత్తేశాడు. అప్పుడు నాకు ఏదో తేడాగా అనిపించింది. అయినా నా పని నేను కానిచ్చాను.

బావని అనుమానించడం నాకు కొత్త. ఎప్పుడూ ఆయనే అనుమానించేవాడు. తప్పు తనమీదికి రాకూడదని జలగ మీదికి తోస్తున్నాడా? అలాంటివాడు కాదని తెలుసు. తెలిసీ రెండు రోజులు ఆయన మొహంలోకి దొంగచూపులు చూశాను. నా మీద నాకే అసహ్యమేసింది. విచారణకి ముందురోజు పొద్దున, స్టేడియం వెనక తువ్వాళ్ళు ఆరేసే గదిలో అడిగేశాను.

"బావా, జలగ కాలు తగలడం చూశావా, తగులుతుందని చూశావా?"

ఆయన తువ్వాలు పిండుతూ ఆగిపోయాడు.

"ఆ రోజు చెయ్యి ఆనించావా?" అన్నాను.

నువ్వు ఎవరి తరఫున వచ్చావని అడిగాడు. ఎవరి తరఫునా రాలేదన్నాను. ఈసారి నమ్మినట్టున్నాడు. తువ్వాళ్ళు అలాగే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, అటువైపు ముగ్గురు పెద్దలు, ఇటువైపు జలగ. బిగుతు కోటులో ఇరుక్కుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ప్రమాణం చేయించి అడిగారు.

"కాలు తగల్లేదండీ," అన్నాడు బావ. "ఎడంచేతివాడి మడమ ముందే జారింది. ఇతని కాలు తర్వాతొచ్చింది. అక్కడ చెమట ఉంది. తుడిచింది నేను. చెయ్యి ఆనించి చూడలేదు."

ఎందుకు చూడలేదని నడిమి పెద్దమనిషి అడిగాడు.

"నా కళ్ళు ఇతని మీద ఉన్నాయి. ఏదో చేస్తాడని కనిపెడుతున్నా."

పెద్దమనిషి కాగితాలు తిరగేశాడు. మేనేజర్‌తో ఇంకోలా చెప్పారట కదా, మధ్యలో ఎవరైనా వచ్చి కలిశారా అన్నాడు. మీకు జీతమిచ్చేది ఈ టీమే కదా అని కూడా అన్నాడు. ఆ గొంతులో ఉన్నది నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా బావ నోట వింటున్నదే. బావ మొహం ఎర్రబడింది. ప్రపంచాన్నంతా ఒక కంట కనిపెట్టే మనిషిని ఒకరు అలా అడగడం అదే మొదలు.

"అప్పుడు అనుకున్నది చెప్పానండీ. ఇప్పుడు చూసింది చెప్తున్నా," అన్నాడు.

నా వంతు వచ్చినప్పుడు తువ్వాలు తొందరగా లేచిందని నేనూ చెప్పాను. చూసీ ఆట ఆపించలేదని కూడా చెప్పాను.

జలగ మీద తప్పు లేదని తేల్చారు. నాకు గట్టిగా చీవాట్లు పడ్డాయి. బావని నేల మీద నుంచి తీసేసి, పైవరుసల్లో కుర్చీలు తుడిచే పనికి పంపారు. టీమ్ వాళ్ళే మనిషిని కొనేశారని ఊరంతా చెప్పుకుంది. అక్క కూరలకి వెళితే వెనక నుంచి వినబడేలా అన్నారు. బావకి అదేదీ ఎక్కలేదు, ఎందుకంటే పిల్ల మాట్లాడింది. విచారణ నుంచి రాగానే తండ్రిని వాటేసుకుని ఏడ్చింది. తనే అన్నం వడ్డించింది. ఆ రోజు ఆయన ముఖం చూడాల్సింది. ఇంకో రెండు ఉద్యోగాలు పోయినా ఫరవాలేదనేలా ఉన్నాడు.

పదిరోజుల తర్వాత, పొద్దున ప్రాక్టీసు అయ్యాక, జలగ మెట్లెక్కి పైవరుసకి వెళ్ళాడు. నేను కింద స్కోరుబోర్డు సరిచూసుకుంటున్నాను. ఇద్దరూ రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. జలగ బావ చెయ్యి పట్టుకుని ఊపి, దిగిపోయాడు. నాకు సంతోషమేసింది. పైకి వెళ్ళి చూస్తే బావ కుర్చీలో కూలబడి ఉన్నాడు.

ఏమన్నాడని అడిగాను.

"థాంక్స్ చెప్పాడు. తర్వాత చెవి దగ్గరకొచ్చి, నాకు అబద్ధం ఇష్టం లేదు పెద్దాయనా, మీకు తెలియాలి అన్నాడు. కాలు పెడదామనే వచ్చాడట. అడుగు ఆలస్యమైందట. ఈలోగా వాడే జారాడట."

ఇన్నాళ్ళూ బావ అనుకున్నదే నిజం. చెప్పిందీ నిజమే. మళ్ళీ వెళ్ళి లీగ్ వాళ్ళకి చెబుదామా అన్నాను. ఏమని చెబుతావన్నాడు. పెట్టని కాలికి శిక్ష వెయ్యమనా?

పిల్లకి మాత్రం చెప్పొద్దని బతిమాలాను. సరేనన్నాడు. ఆయన కడుపులో మాట ఆగదని నాకు తెలుసు కాబట్టి, సాయంత్రం వెంటే వెళ్ళాను. పిల్ల వాకిట్లో కూర్చుని, మర్నాటి మ్యాచ్‌కి బూట్ల అడుగులు తడిగుడ్డతో తుడుచుకుంటోంది. బావ కాళ్ళకున్న చెప్పులు విడవకుండానే మొత్తం చెప్పేశాడు.

ఏడుస్తుందనుకున్నాను. ఆ ఫొటో చింపేస్తుందనుకున్నాను. పిల్ల బూటు తిప్పి రెండోవైపు తుడిచింది.

"పెట్టలేదుగా నాన్నా," అంది. "మనసులో అనుకున్నదానికి ఫౌల్ ఉండదు."

బావ ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నాడు. ఊరందర్నీ శంకించిన మనిషి, ఆ పిల్ల మాత్రం చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి వచ్చినా సెలవిచ్చారంటే నమ్మినవాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు నువ్వయితే పెడతావా?"

పిల్ల లేసు చివర సరిచేసుకుంది. అప్పుడు "పెట్టను" అంది.

ఆయన ఇంకోసారి అడిగాడు. పిల్ల ఇంకోసారి "పెట్టను" అంది. మూడోసారి అడగడానికి ఆయనకి భయమేసింది.