బెంచీ మీద మా అత్తగారు లేరు

మా అత్తగారు బస్టాండులో సామాన్ల గది చూసుకుంటారు. బస్సు దిగినవాళ్లు పెట్టెలూ మూటలూ అక్కడ అప్పగించి, చీటీ తీసుకుని పనుల మీద పోతారు. పెట్టె చేతికందగానే హ్యాండిల్‌కో దారం, దారానికో రేకు బిళ్ల. ఆ తర్వాత దేవుడు దిగొచ్చి అడిగినా చీటీ లేకుండా ఇవ్వరు.

ఆ ఉద్యోగం పుణ్యమా అని ఇంట్లోనూ ఆవిడకు అదే పని. పెళ్లికి వెళితే అందరి పర్సులూ ఆవిడ ఒళ్లో. ఆస్పత్రికి వెళితే అందరి గొడుగులూ ఆవిడ కాళ్ల దగ్గర. ఇక జలపాతం సంగతి తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఎక్కడెక్కడి జనమో వచ్చి చూసే జలపాతం. మావాళ్లు ఏటా ఒకరోజు వెళ్లొస్తారు. ఆవిడా ప్రతిసారీ వెళ్తారు. కానీ ఒక్కసారి కూడా చూడలేదు! బస్సు ఆగే చోట బెంచీ మీద కూర్చుని బ్యాగులు కాస్తారు. కింద నీళ్ల హోరు మాత్రం వినిపిస్తుంది. తడిసి ముద్దయి మెట్లెక్కి పైకొచ్చినవాళ్లు తువ్వాలు అందుకుంటూ, "ఏముందమ్మా, నీళ్లేగా" అంటారు. ఓదార్పట!

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మొన్న మోకాళ్ల డాక్టరు దగ్గరికి ఆవిడతో నేనే వెళ్లాను. వచ్చే ఏడాది నుంచి ఇక మెట్ల మాట మర్చిపొమ్మన్నాడాయన. బయటికి రాగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఈసారి జలపాతానికి వెళ్తే నేను కిందికి దిగుతాను. ఎవరికీ చెప్పకు. చెప్తే తలా ఒక సలహా పడేసి నన్ను మళ్లీ బెంచీ మీద కూర్చోబెడతారు."

జలపాతానికి వెళ్లిన రోజు బస్సు దిగీ దిగగానే మామగారు తిండి డబ్బాల సంచీ, బావగారు కెమెరా పెట్టె, తోడికోడలు పిల్లల బట్టల మూట తెచ్చి బెంచీ మీద పడేశారు. మా ఆయనేం తక్కువ తినలేదు, బూట్లు కూడా విప్పి పెట్టాడు. "అమ్మా, జాగ్రత్త" అని ఓ కేక వేసి, తలా ఓ కొట్టు ముందు ఫొటోలకు ఆగిపోయారు. బెంచీ మీద అమ్మ ఉందో లేదో ఒక్కరు చూస్తే ఒట్టు. ఆవిడ అప్పటికే నా భుజం పట్టుకుని మెట్లు దిగుతున్నారు.

సగం దారిలో మామగారు మమ్మల్ని దాటబోయి గతుక్కుమన్నారు.

"ఏమే! నువ్విక్కడున్నావేంటి? మరి సామాన్లో?"

"నన్నడుగుతారేంటండీ? నా చేతికిచ్చారా? చీటీ తీసుకున్నారా?"

"బెంచీ మీద పెట్టాం కదే!"

"అయితే వెళ్లి బెంచీనే అడగండి."

నవ్వాపుకోలేక చచ్చాను. ఆయన ముఖం మాడిపోయింది.

"చాల్లే, పైకి పద. ఆ మోకాళ్లతో ఈ వేషాలేంటి? అయినా కింద ఏముందని, నీళ్లేగా!"

ఆవిడ ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. నొప్పికి ముఖమంతా చెమటలు.

"నీళ్లేగా? అయితే మీరే పైన కూర్చోండి. మీరు ఎన్నోసార్లు చూశారు."

నేను సర్దిచెబుతానేమోనని ఆయన నా వంక చూశారు. "సంచీలో మీ బీపీ మాత్రలున్నాయి మామయ్యగారూ, త్వరగా వెళ్లండి" అన్నాను. ఆయన గొణుక్కుంటూ పైకెక్కారు.

మేము దిగాం. ఆవిడ ఒక్కో మెట్టు మీదా పాదం అడ్డంగా పెట్టి, రెండో కాలు దాని పక్కకు లాక్కుంటున్నారు. నాకే భయమేసింది.

"మళ్లీ ఎక్కగలరా అత్తయ్యా?"

"ఎక్కే సంగతి ఎక్కేటప్పుడు చూద్దాం. నువ్వు నోరు మూసుకుని దిగు."

చివరి మెట్టు దగ్గర చల్లటి తుంపర ముఖాన కొట్టింది. ఎదురుగా ఉన్న బండ చుట్టూ తిరిగితే జలపాతమే. అక్కడ ఫొటోలు దిగుతున్న ఆడపిల్లల్లో ఒకమ్మాయి, పెద్దావిడ ఖాళీగా నిలబడి ఉందనుకుందేమో, తన హ్యాండ్‌బ్యాగు చాచింది.

"ఆంటీ, ఒక్క నిమిషం ఇది పట్టుకుంటారా?"

మా అత్తగారి చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. ఆవిడ ఆ చేతి వంక ఏదో కొత్తగా చూసినట్టు చూసుకున్నారు. మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"లేదమ్మా. నేను జలపాతం చూడ్డానికొచ్చాను."

నా భుజం మీది చెయ్యి కూడా తీసేసి, బండ పట్టుకుని అటువైపు తిరిగారు.