మెట్ల సినిమాలో నడక

నాన్న చేసిన చివరి మామూలు పని, నా కొత్త చెప్పుల్ని నేలకేసి తట్టి చూడడం.

ఆ పొద్దున్న నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, "ఏదీ, ఇలా ఇవ్వు" అన్నాడు. ఒక చెప్పు అందుకుని దాని మడమని గచ్చు మీద ఓసారి, గడప చెక్క మీద ఓసారి తట్టాడు. తల పక్కకి వంచి విన్నాడు.

"వీటితో చాటుగా వినడాలు కుదరవు. వీధి మొదట్లో ఉండగానే నువ్వొస్తున్నావని తెలిసిపోతుంది."

"నేనేం దొంగనా, నాన్నా?"

"దొంగవే కాదు, దయ్యానివి కూడా కాలేవు. మహా అయితే బ్యాంకు మేనేజరువి అవుతావు."

చెప్పు తిరిగిచ్చాడు. వేసుకుని వెళ్లిపోయాను. మధ్యాహ్నానికి అమ్మ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆస్పత్రి వరండాలో పరిగెడుతుంటే ఆ చెప్పులు నిజంగానే పెద్దగా మోగాయి. బెంచీల మీదివాళ్లంతా తలెత్తి చూశారు. నేను వస్తున్నానని అందరికీ తెలిసింది, ఒక్క నాన్నకి తప్ప.

నాన్న సినిమాలకి అడుగులు వేసేవాడు. తెర మీద మనిషి నడుస్తాడు, ఆ చప్పుడు షూటింగులో సరిగ్గా రికార్డవదు. తర్వాత ఎవరో ఒకరు చీకటి గదిలో తెర చూస్తూ అదే లయలో నడిచి ఆ చప్పుడు చేసి పెట్టాలి. ఆ ఎవరో ఒకరు మా నాన్న. ఆ గది నేల మీద మడులు కట్టినట్టు చదరాలుండేవి: ఇసుక, కంకర, చెక్క, గచ్చు, ఎండుటాకులు. గోడ పొడవునా చెప్పుల అర. రిక్షావాడి చెప్పులు, జమీందారు బూట్లు, నర్సు జోళ్లు, పెళ్లికూతురి జరీ చెప్పులు. వాటన్నిట్లోనూ ఒకే మనిషి కాళ్లు పెట్టేవాడు.

అద్దానికి అవతల యంత్రాల ముందు కూర్చునే రికార్డిస్టుని నాన్న "బావా" అని పిలిచేవాడు. చుట్టరికమేమీ లేదు, పొద్దస్తమానం పోట్లాడుకునే చనువు. నాకాయన అద్దం మామయ్య.

ఎక్కువగా వాళ్లకి వచ్చేవి భయం సినిమాలు. ప్రేమ సినిమాలో పాటలు మోగుతుంటే అడుగులెవరికీ వినపడవు. భయం సినిమాలో ఎవరూ మాట్లాడరు కదా, అక్కడే నాన్నకి చేతినిండా పని. "దయ్యాల పుణ్యమా అని ఇల్లు గడుస్తోంది" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. చెప్పేది గాని ఒక్క సినిమా చూసేది కాదు. టీవీలో వస్తే వంటింట్లోకెళ్లి గిన్నెలు గట్టిగా తోమేది.

అమ్మకి ఆ పని మీద వేరే కోపాలున్నాయి. ఇంట్లో వస్తువులు మాయమయ్యేవి. గబ్బిలం రెక్కలకి గొడుగు పోయింది. సమాధి తలుపుకి మా తాతయ్య పాత తోలు పెట్టె పోయింది. ఒకసారి కూరకి తెచ్చిన క్యారెట్లన్నీ పోయాయి.

"ఏవండీ, క్యారెట్లేవి?"

"ఒక మనిషి మెడ విరిగిందోయ్."

"విరిగితే? సాయంత్రం మీరేం తింటారు, ఆ మెడా?"

నీలం దారంతో పట్టీ కుట్టుకున్న తన పాత చెప్పులు కనపడకపోతే మాత్రం అమ్మ నాన్నని అనుమానించలేదు. అరనిండా చెప్పులున్న మనిషికి తెగిపోయిన జత ఎందుకు? అనుమానమంతా పక్కింటావిడ మీదికి పోయింది. ఆవిడతో చాన్నాళ్లు మాటల్లేవు. ఆ గొడవ నడుస్తున్నన్నాళ్లూ నాన్న పేపరు మడతలోంచి తల బయట పెట్టలేదు.

నాకేమో భయం సినిమాలంటే పిచ్చి. నాన్న పని చేసినవాటికి మా ఇంట్లో మేం పెట్టుకున్న పేర్లు వేరు. బావి సినిమా, బొమ్మ సినిమా, మెట్ల సినిమా. బావి సినిమాలో అందరూ చెప్పుకునేది నీళ్లలోంచి పైకొచ్చే చెయ్యి. నాకు గుర్తుండిపోయింది అంతకు ముందు గిలక మీద తాడు జారడం ఆగిపోయే క్షణం. పైన చేద వదిలినవాడు ఊపిరి తీసుకోడు, మనమూ తీసుకోం. బొమ్మ సినిమాలో బొమ్మ తల తిప్పినప్పుడు వచ్చే కిర్రుమనే చప్పుడు నాన్న జేబులో తోలు పర్సు నులిమితే వచ్చింది. ఆ సంగతి తెలిశాక కూడా నేను నా బొమ్మని గోడ వైపు తిప్పే పడుకోబెట్టాను.

అన్నిట్లోకీ నన్ను పట్టి పీడించింది మెట్ల సినిమా. అందులో దయ్యం కనిపించదు, ఒక్కసారి కూడా. తల్లి చనిపోయిన ఇల్లు. తండ్రి, ఇద్దరు పిల్లలు. పిల్లలు పడుకోగానే ఎవరో కింద వంటింట్లోంచి బయల్దేరి చెక్కమెట్లెక్కుతారు. పిల్లల గది బయట ఆగుతారు. లోపలికి రారు. ఒక అడుగు వెనక్కి వేసి, మళ్లీ దిగిపోతారు. సినిమా అంతా అంతే. అరిచేవాళ్లు లేరు, నెత్తురు లేదు. హాల్లో పెద్దవాళ్లు ముందు సీటు పట్టుకుని కూర్చున్నారు.

"దాన్ని చూపించరేంటి, నాన్నా?" అని అడిగాను బయటికొస్తూ.

"చూపిస్తే దాని మొహం దానిదైపోతుంది. చూపించకపోతే ఎవరికి వాళ్లు ఎవర్నో ఒకర్ని పెట్టుకుంటారు." కొంతదూరం నడిచాక మళ్లీ తనే అన్నాడు. "కొత్త అడుగు వినపడితే దొంగేమో అనుకుంటాం, కర్ర వెతుక్కుంటాం. తెలిసిన అడుగు, రాకూడని వేళ వినపడిందనుకో, కర్ర ఎవరిమీద ఎత్తుతావు?"

మా ఇంట్లోనూ చెక్కమెట్లే. కింద వంటిల్లు, పైన నేను పడుకునే గది. ఆ సినిమా చూశాక పక్క మీద బిగుసుకుపోయి చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని. అమ్మ పనంతా ముగించుకుని పైకొచ్చి, తలుపు దగ్గర నిలబడి, నేను పడుకున్నాననుకుని వెళ్లిపోయాకే నాకు నిద్ర పట్టేది.

నాన్నకి ఎడమ మోకాలు బాగుండేది కాదు. చిత్రమేమిటంటే, పని దగ్గర ఆ కాలు మాట వినేది. ఇంటికి వచ్చాకే ఈడ్చేది. ఒక అడుగు పడేది, రెండోది రాసుకుంటూ వచ్చేది. ఆ చప్పుడు వినే అమ్మ టీ గిన్నె పొయ్యి మీద పెట్టేది. ఈడ్పు ఎక్కువుంటే పంచదార ఇంకాస్త. మొహం చూసే అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు.

ఆయన పోయాక, చుట్టాలంతా వెళ్లిపోయి ఇల్లు మా ఇద్దరికీ మిగిలాక, ఒక సాయంత్రం అమ్మ ఖాళీ టీ గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఫోటోలున్నాయి" అంది. "గొంతు కూడా నీ ఫోనులో ఎక్కడో ఉంటుంది. నాకు ఆయన నడక కావాలే. ఒక్కసారి వింటే చాలు. అన్ని సినిమాల్లో నడిచారు కదా, ఎక్కడో ఒకచోట ఉండకపోదు."

అలా మా అమ్మ, జన్మలో చూడనని ఒట్టు పెట్టుకున్న సినిమాలు చూడడం మొదలుపెట్టింది. షరతులు పెట్టింది. పట్టపగలే చూడాలి, కిటికీలన్నీ తెరిచి ఉండాలి, తలుపు బార్లా తీసుండాలి. ఉతికిన బట్టలు ఒళ్లో పోసుకుని మడత పెడుతూ కూర్చునేది.

"ఆ పిల్లకి బుద్ధి లేదూ? లైటు వేసుకోవచ్చుగా."

"లైటు వేస్తే సినిమా అయిపోతుందమ్మా."

"అయిపోనీ. ఇంటికెళ్లి అన్నం తింటుంది."

అడుగులు రాగానే బట్టలు వదిలేసి కళ్లు మూసుకునేది. భయంతో కాదు. నేను ఆవిడ మొహం వంకే చూసేదాన్ని.  అమ్మ కళ్లు తెరిచేది. "కాదు. ఇది ఎవరో దర్జాగా నడుస్తున్నారు." ఇంకోటి. "కాదు, వీడెవడో తాగి ఉన్నాడు." బావి సినిమా అయింది, బొమ్మ సినిమా అయింది. పోలీసులు, నౌకర్లు, హంతకులు, శవాన్ని మోసుకెళ్లేవాళ్లు, అందరూ మా ముందుగదిలోంచి నడిచి వెళ్లిపోయారు. ఒక్కరి కాలూ ఈడ్వలేదు.

అద్దం మామయ్యకి ఫోను చేసి అడిగాను.  "టేకు అవగానే వాడు కుర్చీ దగ్గరికి తన నడకతో వెళ్లేవాడమ్మా" అన్నాడు. "ఆ లోపలే నేను యంత్రం ఆపేసేవాణ్ణి. పనికిరాని చప్పుడు కదా అని."

అది అమ్మకి చెప్పలేకపోయాను. మెట్ల సినిమా ఒక్కటే మిగిలింది. అది పెట్టడానికి నేనే జంకాను. అయినా పెట్టాను. బయట కూరగాయల బండివాడు అరుస్తున్నాడు, ఎండ నేలంతా పరుచుకుని ఉంది. సినిమాలో కింద వంటింటి తలుపు మూసుకున్న చప్పుడు. మొదటి మెట్టు.

అమ్మ చేతిలో దిండుగలీబు అలాగే ఉండిపోయింది. కళ్లు మూసుకుంది. అడుగులు పైకొచ్చాయి, ఆగాయి, ఒకటి వెనక్కి పడింది.

"మళ్లీ పెట్టు" అంది.

 మళ్లీ పెట్టాను. ఇంకోసారి పెట్టమంది. మూడోసారి అయ్యాక కళ్లు తెరిచి, "ఆయన కాదు" అంది. వెంటనే, "ఎవరే ఆవిడ?" అంది.

"దయ్యం, అమ్మా."

"దయ్యం సంగతి కాదు. నడక ఎవరిదని. ఊరికే అనుకుంటే వచ్చే నడక కాదిది. అలిసిపోయిన మనిషి. నడుం పట్టేసింది, కింది నుంచే కేకేసి ఊరుకోవచ్చు, అయినా ఎక్కి వచ్చింది. తలుపు తీస్తే పిల్లలు లేస్తారని తియ్యలేదు. మీ నాన్న ఎవర్నో దగ్గర్నుంచి విని నేర్చుకున్నారు."

"నటనేనమ్మా, అదే కదా ఆయన పని."

"నేను నడక విని టీ పెట్టినదాన్ని. నాకు చెప్పకు." గలీబు మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది. "ఎవరైతేనేం, అదృష్టవంతురాలు. అంత శ్రద్ధగా విన్నారు. నేనీ ఇంట్లో ఇన్నేళ్లు ఎక్కి దిగాను, ఏమోయ్ కాళ్లు నొప్పిగా ఉన్నాయా అని ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు."

నవ్వుతూనే అంది. కానీ ఆ తర్వాత సినిమా పెట్టమని అడగలేదు. నడక మాట ఎత్తలేదు. అప్పుడప్పుడూ ఏ పనిలోనో ఉండగా చెయ్యి ఆగిపోయేది, ఎవరై ఉంటారా అని వెతుక్కుంటున్నట్టు. ఒకసారి ఏదో చెప్తూ మధ్యలో, "అద్దమాయన భార్యకి కూడా నడుం నొప్పి ఉండేది, కదూ?" అంది. 

మరుసటి వానాకాలంలో అమ్మ కూడా వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ మెట్లు నేనొక్కదాన్నే ఎక్కుతున్నాను. నా అడుగుల్ని నేనే ఒక్కోసారి ఆగి వింటాను.

ఈమధ్య అద్దం మామయ్య కబురు పెట్టాడు. స్టూడియో అమ్మేశారు, గది ఖాళీ చేస్తున్నారు, మీ నాన్న చెప్పులు పారేయడానికి చేతులు రావడం లేదు, వచ్చి తీసుకెళ్లమ్మా అని. వెళ్లాను. నేల చదరాల్లో ఇసుకా కంకరా కలిసిపోయి ఉన్నాయి. చెప్పులన్నీ అట్టపెట్టెల్లో సర్ది ఉంచాడు. ఒక జతని మాత్రం విడిగా పాత తువ్వాలులో చుట్టి, యంత్రం పెట్టుకునే బల్ల మీద పెట్టాడు.

విప్పితే నీలం దారం కుట్టు కనిపించింది.

"మెట్ల సినిమాకి ఈ అర మొత్తం దింపాం. దేనికీ కుదర్లేదు" అన్నాడు మామయ్య. "ఒకరోజు సంచీలో ఇవి పట్టుకొచ్చాడు. మొదటి టేకుకే ఓకే. నాకు ఒళ్లు జలదరించింది. మా చెల్లెమ్మవి కదరా, తీసుకెళ్లి ఇచ్చెయ్, ఇంట్లో గొడవవుతోందంటున్నావు అన్నాను. వినలేదు."

"అమ్మకి చెప్పొచ్చుగా, మామయ్యా."

"అదీ అన్నాను. చెప్తే అప్పట్నుంచి మెట్లెక్కేటప్పుడు తన అడుగులు తను వింటుంది బావా, నడక మారిపోతుంది అన్నాడు. మారితే వాడు తట్టుకోలేడట."

చెప్పులు చేతిలోకి తీసుకున్నాను. చిన్నవి. నాకే బిగుతుగా ఉంటాయి, నాన్న పాదం ఇందులో సగం కూడా దూరదు. అదే అడిగాను, వీటితో ఎలా నడిచాడని.

అద్దం మామయ్య వాటిని నా దగ్గర్నుంచి తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో అరచెయ్యి దూర్చి, బల్ల చెక్క మీద మెల్లగా ఒకదాని తర్వాత ఒకటి వేసి చూపించాడు. ఆపి, ఒకటి వెనక్కి తీశాడు. నాన్న ఆ సినిమా అంతా మోకాళ్ల మీద కూర్చుని, అమ్మ చెప్పుల్ని చేతులకి తొడుక్కుని నడిచాడట.