అకార్డియన్ ఆగిన చోటు

ఒడెస్సా రేవులో టాంగో నాట్యపు పాటలు పాడినవాళ్ళలో వెనియమిన్ జగోర్‌స్కీని మించినవాడు లేడు. పదకొండేళ్ళు రేవు హోటల్లో పాడాడు. యుద్ధంలో లారీ మీద నిలబడి సైనికులకు పాడాడు. తూటా ఊపిరితిత్తిని చీల్చినా పాట మానలేదు. మూడో చరణానికి ముందు మాత్రం ఊపిరి అందేది కాదు. అప్పుడు అకార్డియన్ వాయించే తిఖోన్ రెండు క్షణాలు ఆగి, అతన్ని గుక్క తిప్పుకోనిచ్చేవాడు. ఆ సంగతి వాళ్ళిద్దరికే తెలుసు.

యుద్ధం అయ్యాక, టాంగోలు పరాయి దేశపువి, పనికిరావని అధికారులు అతని పాట మాన్పించారు. ఏళ్ళు గడిచాక ఒక ఆదివారం సంతలో, పాత ఎక్స్‌రే ఫిల్ము మీద దొంగచాటుగా చెక్కిన రికార్డొకటి అతని కంటపడింది.

"జగోర్‌స్కీ అసలు గొంతు, తాతా! ఇలాంటిది మళ్ళీ దొరకదు," అన్నాడు అమ్మేవాడు.

వెనియమిన్ దాన్ని కొని, ఇంటికి తెచ్చి గ్రామఫోన్ మీద పెట్టాడు. గొంతు తనది కాదు. ఎవడో కుర్రాడిది, నిండు ఊపిరి. కానీ మూడో చరణం ముందు అకార్డియన్ రెండు క్షణాలు ఆగింది.

రికార్డు చంకన పెట్టుకుని తిన్నగా తిఖోన్ ఇంటికి వెళ్ళాడు. తిఖోన్ చేపల సూపు తాగుతున్నాడు.

"ఏరా, నా పేరు పెట్టి ఇంకొకణ్ణి పాడించావా?"

"జనం నీ పేరే అడుగుతున్నార్రా. నీ పేరు బతికించాను, తప్పా?"

"నేను బతికే ఉన్నాను కదరా! ఒక్క మాట అడగాల్సింది."

"నీకు గుక్క అందదనుకున్నా."

"వాడికి అందుతోందిగా. మరి ఎవరి కోసం ఆగావు?"

తిఖోన్ మళ్ళీ సూపులో చెంచా ముంచాడు. వెనియమిన్ రికార్డు బల్ల మీదే వదిలేసి బయటికి నడిచాడు. మెట్లు దిగుతూ మధ్యలో గుక్క తిప్పుకోవడానికి ఆగాడు. పైనుంచి ఎవరూ పిలవలేదు.