ఉరుము డాక్టరుగారి అప్‌డేట్లు

మా బావకు కోపం వచ్చేది కాదు. ఉండేది. కొందరికి కళ్లజోడు ఉన్నట్టు, కొందరికి బట్టతల ఉన్నట్టు ఆయనకు కోపం ఉండేది. పొద్దున దానితోనే నిద్ర లేచేవాడు. చొక్కా కంటే ముందు దాన్నే తొడుక్కునేవాడు.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సివస్తోందంటే, బావ పోయాక డాక్టర్లంతా కలిసి పెట్టిన సంతాపసభలో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఆయన శాంతమూర్తి. గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా అక్క, అంటే బావ భార్య, ఏడుస్తున్నదల్లా ఆపి నా చెవిలో, "ఎవరి గురించే చెప్తున్నాడు? మనం గానీ వేరే సభకొచ్చామా?" అంది. పోయిన మనిషి కదా అని నోటికొచ్చిన మంచితనమంతా అంటగట్టేయడమే! జీవితాంతం కష్టపడి నిలబెట్టుకున్న కోపాన్ని ఒక్క మాటతో ఊడబీకేస్తే ఎలా? ఆ పెద్దమనిషి మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. బావ మీదా కోపమే. పోయే ముందు ఒక్క మాట చెప్పలేదు.

బావ సర్జను. రెండు వీధులు కలిసే మూల మీద, కింద మందుల షాపు, పైన మా చిన్న ఆసుపత్రి. మెట్లెక్కగానే హాలు, గోడవారగా బెంచీలు, ఎదురుగా నా కౌంటరు. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకంలో మా ఆసుపత్రి పేరుండేది. పథకం కార్డున్న వాళ్లు పైసా కట్టకుండా ఆపరేషను చేయించుకోవచ్చు. కార్డు చూసి, పథకం వాళ్ల అనుమతి తెప్పించడం నా పని.

ఆ పథకం ఆఫీసు నుంచి ఆసుపత్రులకు అప్‌డేట్లు వచ్చేవి. చీమలు వచ్చినట్టు వచ్చేవి. ఒకటి కనబడిందంటే వెనక బారు ఉన్నట్టే. నిన్న పెట్టిన నియమాన్ని ఇవాళ మార్చేవారు, ఇవాళ మార్చినదాన్ని రేపు సవరించేవారు, సవరణలో వచ్చిన తప్పును దిద్దడానికి ఇంకో అప్‌డేటు పంపేవారు. ప్రతిదీ ఒకే మాటతో మొదలయ్యేది: "మీ సౌకర్యార్థం ఈ కింది మార్పులు చేయడమైనది."

సౌకర్యార్థం అన్న మాట కంటబడితే చాలు, బావ గది తలుపు ధడాలున తెరుచుకునేది. చేతిలో కాగితంతో హాలు మధ్యకొచ్చి నిలబడి గట్టిగా చదివేవాడు. చదవడమనే మాట సరిపోదు. ఎదురింటివాడితో గోడ తగువు పడ్డట్టు ఆ కాగితంతో తగువు పడేవాడు.

"ఎవడి సౌకర్యంరా? నీదా? నాదా? ఈ బెంచీ మీద కడుపు పట్టుకుని కూచున్న ఆయనదా? ఏమయ్యా, నీకు సౌకర్యంగా ఉందా?"

కడుపు పట్టుకున్నాయన ఠారెత్తిపోయి, "ఉందండీ" అనేవాడు.

"ఉందిటే! విన్నావా మరదలా? రాసుకో!"

మా వీధిలో ఆయన్ను ఉరుము డాక్టరు అనేవారు. "ఉరిమితే ఉరుముతాడు గానీ చెయ్యి చల్లనిది" అని చెప్పి మరీ పంపేవారు ఒకరినొకరు.

ఒకసారి వచ్చిన అప్‌డేటు ఇది: ఆపరేషను తర్వాత పంపే ఫొటోలో కుట్లు వేసిన చోటూ, పేషెంటు ముఖమూ, రెండూ ఒకేసారి స్పష్టంగా కనబడాలి. దొంగ ఆపరేషన్లు అరికట్టడానికట. ఆ రోజు మా దగ్గర అయింది మొలల ఆపరేషను.

బావ కాసేపు కాగితాన్నీ, పేషెంటునూ మార్చిమార్చి చూశాడు. తర్వాత పథకం హెల్ప్‌లైనుకు ఫోను కొట్టాడు. "ఈ కాల్ రికార్డు చేయబడుతుంది" అని వినబడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"చెయ్యండి, బాగా చెయ్యండి. వినేవాడు ఒక్కడైనా ఉంటే వాడికే చెప్తున్నా. మనిషి శరీరం బొమ్మ ఎప్పుడైనా చూశారా మీరు? ముఖం ఎటుంటుంది, మొలలు ఎటుంటాయి? రెండూ ఒక ఫొటోలో రావాలంటే, నేను సర్జన్ననుకున్నారా, సర్కస్ వాణ్ననుకున్నారా?"

బెంచీ మీదున్న రిటైరైన బస్సు కండక్టరు చెయ్యెత్తి, "డాక్టరుగారూ, వెనక అద్దం పెడితేనో?" అన్నాడు.

"నువ్వు నోర్మూసుకో! ఫోను రికార్డవుతోంది. నీ ఐడియా విన్నారంటే రేపట్నుంచి అద్దం కూడా తప్పనిసరి చేస్తారు!"

ఇంట్లోనూ అదే వరస. అక్క అన్నం వడ్డిస్తూ, "కూరలో ఉప్పు తగ్గినా ఒక్కమాట అనని మనిషి, ఎక్కడో ఎవడో ఒక ముక్క మారిస్తే ఇల్లెగిరిపోయేలా అరుస్తారేమిటండీ?" అనేది.

"ఉప్పు తగ్గితే ఇంత వేసుకుంటానే. వాళ్లకు బుద్ధి తగ్గితే ఎక్కణ్నుంచి తెచ్చి వెయ్యను?"

పథకం ఆఫీసు వాళ్లు ఆసుపత్రుల వాళ్లందరినీ పిలిచి మార్పుల గురించి సమావేశాలు కూడా పెట్టేవారు. చల్లటి హాలు, తెర మీద రంగురంగుల బాణాలు, చివర్లో "సందేహాలేమైనా ఉన్నాయా?" అనే ఒక అధికారి. ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే బావ పక్కన కుర్చీలు ఖాళీ అయ్యేవి. లోపల్లోపల అందరికీ అదే మంట. కానీ లేచి అనడానికి నోరు రాదు, బావ అంటుంటే వినడానికి ధైర్యం రాదు. ఓసారి ఆయన మాట్లాడుతుండగా మైకు వైరు లాగేసిన ఘనుడెవరో కాదు, సంతాపసభలో శాంతమూర్తి అన్న పెద్దమనిషే. పాపం, అందుకే గొంతు వినబడి ఉండదు!

నాకు మాత్రం ఆ కేకల వల్ల పని పెరిగేది. లైను ఆగిపోయేది. "బావా, తిట్టుకుంటే మీ గదిలో కూచుని తిట్టుకోండి, మీకు పుణ్యముంటుంది" అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. కోపమొచ్చినప్పుడు చివర 'గారు' చేర్చేదాన్ని. "బావగారూ! హాలు మీ సొంత నాటకశాల కాదు." ఆయన నవ్వేవాడు కాదు. ఇంకో కాగితం తీసేవాడు.

అలాంటి రోజుల్లోనే ముఖం అప్‌డేటు వచ్చింది. ఇకపై కార్డు చూపిస్తే చాలదు. కౌంటరు దగ్గరున్న టాబ్‌లోకి పేషెంటు ముఖం పెట్టి చూడాలి. కార్డు మీద ఫొటోతో ఆ ముఖం కలిస్తేనే అనుమతి. అనుమతి రాకుండా వైద్యం మొదలుపెట్టిన ఆసుపత్రిని పథకం నుంచి తీసేస్తారు. అంతా మన సౌకర్యార్థమే.

మా వీధి చివర తోపుబండి మీద బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ ఆ వారమే మెట్లెక్కి వచ్చింది. పుచ్చిన పన్ను లోపల చీము పట్టి, దవడ నుంచి మెడలోకి దిగింది. ముఖం ఒక పక్క గుమ్మడికాయంత. నోట్లో వేలు పట్టే సందు లేదు. ఊపిరి తీస్తుంటే ఈలలా చప్పుడు. ఆ వాపు ఇంకాస్త లోపలికి నొక్కితే గొంతు మూసుకుపోతుందని నాలాంటి దానికే తెలుస్తోంది. మెట్ల మీద ఆవిణ్ని చూస్తూనే బావ మత్తు డాక్టరుకు ఫోను చేసి, ఆపరేషను గది సిద్ధం చేయించడానికి లోపలికి పరిగెత్తాడు.

నేను టాబ్ ఆవిడ ముందు పెట్టాను. తెర మీద గుండ్రం తిరిగి తిరిగి, "ముఖం సరిపోలలేదు" అంది.

"నేనేనమ్మా" అందావిడ పళ్ల సందులోంచి. "కార్డు నాదే."

మళ్లీ పెట్టాను. "ముఖం సరిపోలలేదు. దయచేసి చిరునవ్వు లేకుండా ప్రయత్నించండి."

చిరునవ్వట! ఆ టాబ్‌ను తీసి మెట్ల మీంచి విసిరెయ్యాలనిపించింది. ఆవిడ మాత్రం తనే ఏదో సరిగ్గా చెయ్యలేదన్నట్టు, వాచిన దవడను చేత్తో మూసి, "ఈ పక్క చూడమనమ్మా, ఈ పక్క నాలాగే ఉంటుంది" అంది. అది ఆ పక్కా చూసింది. సరిపోలలేదు.

వెనక బెంచీలో ఒకాయన పక్కవాడితో, "ఎవరి కార్డో పట్టుకొచ్చినట్టుంది" అన్నాడు. మెల్లగానే అన్నాడు. అందరికీ వినబడేంత మెల్లగా.

నేను తల వంచుకుని టాబ్‌తో కుస్తీ పడుతూనే ఉన్నాను. అప్పుడు తెరుచుకుంది గది తలుపు.

"ఏమిటంటుంది అది?"

"ముఖం కలవలేదంటోంది బావా."

"దేనితో?"

"కార్డులో ఫొటోతో."

"కలిస్తే నా దగ్గరికెందుకొస్తుందే!" ఆ కేకకు కింద మందుల షాపులో సీసాలు కదిలి ఉంటాయి. టాబ్‌ను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. "ఒరేయ్ గాజుముక్కా! జబ్బు చేసిన ముఖం జబ్బు చేసినట్టే ఉంటుందిరా. జబ్బు రాకముందు ముఖం పట్టుకొస్తేనే వైద్యమా? ఒళ్లంతా బాగున్నవాళ్లనే చేర్చుకోమంటావా? నిన్ను చేసినవాడికి పన్ను పోటు రావాలి. వాణ్ని వాడి పెళ్లామే గుర్తుపట్టక తలుపెయ్యాలి!"

ఆ వెంటనే బెంచీల మీద పడ్డాడు. మెల్లగా మాట్లాడినాయన దొరికాడు.

"ఏమయ్యా, నీ కార్డులో ఫొటో ఎప్పటిది?"

"పెళ్లప్పటిది సార్."

"అందులో జుట్టుందా?"

ఆయన నెత్తి తడుముకున్నాడు. "ఉంది సార్."

"మరి ఇప్పుడు నువ్వు నువ్వేనా? ఎవడి కార్డో కొట్టుకొచ్చావా?"

హాలంతా గొల్లుమంది. ఒక్కొక్కరే కార్డులు తీసి చూసుకోవడం మొదలెట్టారు. "నన్ను చూడండి, పోలీసులు వెతుకుతున్నవాడిలా లేనూ?" అన్నాడొకడు. "మా అత్తగారే నయం, నా ఫొటో వీళ్లకంటే అందంగా తీయించింది" అంది ఇంకొకావిడ. జుట్టు పోయినాయన లేచి వెళ్లి తన కార్డు ఇస్త్రీ ఆవిడకే చూపించాడు. ఆవిడకు నవ్వడానికి నోరు లేదు. కళ్లతో నవ్వింది.

నాకు తిక్కరేగింది. "బావగారూ! ఆవిడకు ఊపిరందట్లేదు. ఉపన్యాసం తర్వాత!"

"మత్తు డాక్టరొచ్చేదాకా కత్తి నోట్లో పెట్టుకుని కూచోమంటావా? అదిగో వచ్చాడు. అమ్మా, పద లోపలికి."

"అనుమతి రాలేదు బావా! మొదలుపెడితే మన పేరు తీసేస్తారు. రేపట్నుంచి కార్డున్న వాళ్లెవరూ మన దగ్గరికి రాలేరు."

"నువ్వు ఫోను పట్టుకో, నేను కత్తి పట్టుకుంటా. ఎవరి పని ముందైతే వాళ్లు గెలిచినట్టు."

హెల్ప్‌లైను వాళ్లు ఎప్పటిలాగే పాట వినిపించారు. ప్రాణం మీదికొచ్చినవాడికి పాట వినిపించాలన్న ఆలోచన ఏ మహానుభావుడిదో గానీ! చివరికో అమ్మాయి పలికి, "అత్యవసరమైతే ఇప్పుడున్న ముఖాన్నే ఫొటో తీసి పెట్టండి మేడమ్, దాన్నే కొత్త ఫొటోగా తీసుకుంటాం" అంది. ఈ ముక్క అప్‌డేటులో ఎక్కడా లేదు. పరిగెత్తుకెళ్లి, మత్తు ఇవ్వబోయే ముందు ఆ గుమ్మడికాయ ముఖాన్ని ఫొటో తీసి పంపాను. అనుమతి వచ్చేసరికి చీము మొత్తం తీసేయడం కూడా అయిపోయింది. బావే గెలిచాడు.

ఆయన చేతులు కడుక్కుంటుంటే వెళ్లి నిలబడ్డాను. నా కోపం ఇంకా దిగలేదు.

"ప్రాణం పోతుంటే మీకు హాల్లో కచేరీ కావాలా బావా?"

"ఆవిడ సంచి భుజానికెత్తుకుంది, చూశావా?"

"ఏ సంచి?"

"నేను తలుపు తీసేసరికి లేచి నిలబడి, సంచి తగిలించుకుని, మెట్ల వైపు చూస్తోంది. వెళ్లిపోతోందే. ఇంటికెళ్తే పొద్దుటికి ఉండేది కాదు." కుళాయి కట్టేశాడు. నేనెప్పుడూ వినని మామూలు గొంతుతో చెప్తున్నాడు. "అలాంటివాళ్లను బతిమాలి ఆపలేం. అయ్యో, ఇంతమందిని ఇబ్బంది పెడుతున్నానే అని ఇంకా కుంచించుకుపోతారు. తప్పు తమది కాదని తెలిస్తే కూచుంటారు. అది చెవిలో చెప్తే నమ్మరు. హాలంతా వినేలా చెప్పాలి."

"అయితే ఇన్నాళ్ల కేకలూ నాటకమేనన్నమాట!"

ఆయనకు నిజంగా రోషమొచ్చింది. "నాటకమేమిటే? కోపం కోపమే. ఎక్కడ నిలబడి కోప్పడాలన్నదొక్కటే నేను చూసుకునేది."

ఇస్త్రీ ఆవిడ కోలుకుంది. వాపు దిగిపోయి, ముఖం చక్కగా చేత్తో దిద్దినట్టు తయారైంది. ఇంటికి పంపే రోజు కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది. డిశ్చార్జికి కూడా టాబ్‌లో ముఖం చూపించాలి. పెట్టాను. గుండ్రం తిరిగింది.

"ముఖం సరిపోలలేదు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. పథకం వాళ్ల దగ్గర ఇప్పుడున్న కొత్త ఫొటో గుమ్మడికాయది.

గది తలుపు ధడాలున తెరుచుకుంది. బావ గుమ్మంలోకి వచ్చి, గుండెల నిండా ఊపిరి పీల్చి, నోరు తెరిచాడు.

కానీ ఆవిడ సంచి తీసి కౌంటరు మీద దబ్బున పడేసింది. రెండు చేతులూ నడుముకు పెట్టుకుని టాబ్ మీదికి వంగింది.

"ఏమే, ఇవాళ కూడా నేను కాదా? వాచిపోయి వస్తే మంచి ముఖం తెమ్మన్నావు. మంచి ముఖం తెస్తే వాచింది కావాలంటావా? నేనేమన్నా ముఖాలు సంచిలో వేసుకు తిరుగుతున్నానా, నువ్వడిగిందల్లా తీసివ్వడానికి? ఇస్త్రీ పెట్టె తెచ్చి నీ ముఖం మీద ఆనించానంటే, నిన్ను కన్నవాడే పోల్చుకోలేడు, జాగ్రత్త!"

హాల్లో ఉన్నవాళ్లంతా మెడలు చాచారు. మెట్ల మీద మందుల షాపు వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. బావ నోరు తెరిచినట్టే ఉంది. మెల్లగా మూసుకున్నాడు. బెంచీ దగ్గరికి నడిచి, "జరగవయ్యా" అని చివర్లో ఇరుక్కుని కూచున్నాడు.

"బావా, మీరేమీ అనరా?" అన్నాను.

"ష్! విననివ్వవే. నాకు తట్టని మాటలొస్తున్నాయి."