ముక్కక్క చెప్పిన మాట

ఆ బఫే హోటల్లో ఆమెని అందరూ ముక్కక్క అనే పిలిచేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేదేమో గాని, వంటింట్లో ఎవరి నోటా వినపడేది కాదు. రోజూ పదకొండు గంటలకి పెద్ద ఫ్రిజ్ తలుపు తీసి, నిన్న మిగిలిన కూరల డబ్బాలన్నీ స్టీలు బల్ల మీద వరసగా పెట్టేవారు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో డబ్బా మీదకి వంగి, ఒక్కసారి గాలి పీల్చి, "ఇది పంపండి", "ఇది పారబోయండి" అనేది. పంపమన్నదాన్ని ఆ రోజు వండిన కూరలో కలిపి హాల్లోకి తీసుకెళ్ళేవారు. నిన్నటిది ఇవాళ్టి దాంట్లో కలపడం తప్పని ఆమెకి తెలుసు. చెడిపోయిందాన్ని నేను ఆపుతున్నాను కదా అని సరిపెట్టుకునేది. పదకొండేళ్ళలో ఆమె మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

అంతకుముందు ఒక హాస్టల్ వంటశాలలో చేసేటప్పుడు, గ్యాస్ గొట్టం చీలిందని అందరికన్నా ముందు పసిగట్టింది ఆమే. ఆమె భర్త దర్జీ. ఇరుగుపొరుగు వాళ్ళతో నవ్వుతూ చెప్పేవాడు: "మా ఆవిడ దగ్గర అబద్ధం చెల్లదండీ. చొక్కా వాసన చూసి ఏ టీకొట్టు దగ్గర కూర్చున్నానో చెప్పేస్తుంది." ఆ దర్జీకి రెండేళ్ళుగా చేతులు వణుకు. సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయింది. మిషన్ మీద పాత దుప్పటి కప్పేసి, వచ్చినవాళ్ళతో "సెలవు పెట్టానండీ" అనేవాడు. ఇల్లు ఆమె రెక్కల మీదే నడుస్తోంది.

వానలు మొదలైన కొత్తల్లో ఆమెకి జ్వరం పట్టుకుంది. పది రోజులు మంచం దిగలేదు. తగ్గాక ఓ పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, అటు వీపు పెట్టి కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. లోపలి గదిలోంచి భర్త కేకేశాడు.

"ఏమే! ఏదో మాడిపోతోంది, నీకు తెలియట్లేదా?"

వెనక్కి తిరిగి చూసింది. పాలు పొంగి పొయ్యంతా కారి, గిన్నె నల్లబడి, గది నిండా పొగ. ఉల్లిపాయ ముక్క ముక్కుకి ఆనించుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి గాని వాసన రాలేదు. సబ్బు, కిరసనాయిలు, భర్త తలకి రాసుకునే నూనె, ఒక్కొక్కటీ తెచ్చి పీల్చి చూసింది. అన్నీ మంచినీళ్ళలాగే ఉన్నాయి.

పెద్దాసుపత్రిలో డాక్టరు టార్చి వేసి చూసి, "కొందరికి ఆర్నెల్లలో తిరిగొస్తుందమ్మా. కొందరికి రాదు" అని, తర్వాతి చీటీ పిలిచాడు.

"హోటల్లో చెప్పేయ్" అన్నాడు భర్త, ఆ సాయంత్రం.

"చెప్తే ఏమవుద్దో తెలీదా మీకు?"

ఆయనకి తెలుసు. కిందటేడు కూరగాయలు తరిగే ఆయన అరచేతిలో పుండు లేచిందని చెప్పుకుంటే, కట్టు కట్టించాల్సింది పోయి గంటలో ఇంటికి పంపేశారు. ఆ మనిషి మళ్ళీ కనపడలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఆ ముక్కు తప్ప ఇంకేమీ లేని ఆమెని ఎందుకు ఉంచుకుంటారు? దర్జీ ఒళ్ళో పెట్టుకున్న చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆమె పనిలోకి వెళ్ళింది. ఇదివరకటిలాగే వంగేది, గాలి పీల్చేది. కానీ ఇప్పుడు కళ్ళతో వెతికేది. రంగు తిరిగిందా, అంచున నురగ ఉందా, వేలితో నొక్కితే జిగురుగా తీగ సాగుతోందా అని. అనుమానమొస్తే చాలు, పారబోయమనేది. చూపుకి తేలకపోతే సర్వర్ మామని పిలిచేది. హాల్లో వడ్డించేవాళ్ళు ఒకప్పుడు ఎనిమిది మంది. ఇప్పుడు మిగిలింది ఇద్దరే. ఆ ఇద్దరిలో పెద్దాయన్ని అందరూ మామా అంటారు.

"ఏం మామా, ఇదెలా ఉందంటావ్?"

"నన్నడుగుతావేంటే? సూర్యుడికి దివిటీ పట్టమంటావా?" అని నవ్వుతూనే మామ వంగి చూసి, "పులిసింది" అనో "పర్లేదు" అనో చెప్పేవాడు. ఆమె గుండెలు కుదుటపడేవి. అలా మూడు నెలలు నెట్టుకొచ్చింది.

పారబోసేది ఎక్కువయ్యేసరికి అది యజమాని కంట పడింది. మనిషి సన్నగా, నెమ్మదిగా మాట్లాడతాడు. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. "ఈ మధ్య నీకు అన్నీ కంపే కొడుతున్నాయేంటి? ఇంకో నెల ఇలాగే సాగితే నీ పనే ఇక్కడ అక్కర్లేదు" అన్నాడు.

ఆ యజమాని పొదుపంతా హాల్లో కనిపించేది. పొడుగాటి బల్ల మీద ఇరవై రెండు ట్రేలు. వాటి కింద నీళ్ళు వేడిగా ఉంచే చిన్న మంటలు సగం వెలిగేవి కావు. నాలుగు కూరలకి ఒకే గరిటె. దాన్ని చేపల్లోంచి తీసి పప్పులో ముంచేవారు. ప్లేట్లు జిడ్డు వదలకముందే తుడిచి పేర్చేవారు. చేతులు కడిగే చోట సబ్బు సీసాలో నీళ్ళు కలిపి కలిపి, చివరికి రంగు నీళ్ళు మిగిలాయి. కస్టర్డ్ మీద ఈగ వాలిందని ఎవరైనా పిలిస్తే, మేనేజరు వచ్చి చెంచాతో ఆ మేరకి తీసేసి, "ఇప్పుడు చూడండి సార్, ఫ్రెష్!" అనేవాడు. మంచినీళ్ళు అడిగినవాళ్ళు భోజనం అయిపోయేదాకా అడుగుతూనే ఉండేవారు. మామ ఆ బల్ల నుంచి ఈ బల్లకి పరుగులు పెడుతూ, "వస్తున్నానమ్మా, నాకూ రెండే కాళ్ళు" అనేవాడు.

ఓ ఆదివారం ఒక బడి నుంచి నలభై మంది వస్తున్నారని చెప్పారు. రిటైరవుతున్న టీచరమ్మకి తోటివాళ్ళు ఇస్తున్న విందు. పదకొండింటికి డబ్బాలు బల్ల మీదకి వచ్చాయి. చివర్లో పెద్ద డబ్బా, కోడికూర. రంగు బాగుంది. నురగ లేదు. జిగురూ లేదు. అయినా డబ్బా అడుగు తడిమితే ఎప్పటంత చల్లగా అనిపించలేదు. ముందు రోజు రాత్రి కరెంటు పోయి ఫ్రిజ్ ఆరేడు గంటలు ఆగిపోయిందని మేనేజరుకి తెలుసు. అతను ఎవరికీ చెప్పలేదు.

ఆమె మామ కోసం చూసింది. మామ హాల్లో కుర్చీలు సర్దుతున్నాడు.

"మామని ఒకసారి పిలవండి" అంది.

"మామెందుకు?" అన్నాడు యజమాని, గుమ్మంలో నిలబడి. "నలభై మంది దిగుతున్నారు. ఉందా, పోయిందా? ఒక్క మాట చెప్పు."

ఆమె మళ్ళీ వంగింది. ఊపిరి బిగబట్టి, గుండెల నిండా పీల్చింది. ఏమీ లేదు. గోడ ముందు నిలబడి గోడని అడిగినట్టుంది. వెనక యజమాని కాలితో నేల మీద తాళం వేస్తున్నాడు. ఇంటి దగ్గర దుప్పటి కప్పిన మిషను ఆమె కళ్ళ ముందు కదిలింది.

"బాగానే ఉంది" అంది.

రెండు గంటలకి మామ ఒక ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఆ టీచరమ్మ పక్కన కూర్చున్నావిడ కూర వాసనొస్తోందంటే, మేనేజరు అది మసాలా వాసనని ఆవిడతోనే వాదిస్తున్నాడు. ఇదిగో, నువ్వే చూడు. నువ్వేనా దీన్ని పంపింది?"

ప్లేటు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. ఆమె కదల్లేదు. మొహం చిట్లించలేదు. మామ ఆమె కళ్ళలోకి చూశాడు. గొంతు ఒక్కసారిగా దిగిపోయింది.

"ముక్కక్కా... నీకు వాసన రావట్లేదు కదూ?"

ఆమె అవునన్నట్టు తలాడించింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలు."

"ఓరి దేవుడా! అందుకా నన్ను అడిగేదానివి! ముందే ఒక్క ముక్క చెప్తే, రోజూ నేనే చూసేవాణ్ణి కదే!"

ఆమె మసిగుడ్డ చేతిలోకి తీసుకుని హాల్లోకి పరుగెత్తింది. పదకొండేళ్ళలో జనం తింటుండగా ఆమె ఆ తలుపు దాటడం అదే మొదలు. గుడ్డతో ట్రేని రెండు పక్కలా పట్టుకుంది. కాలలేదు. ట్రే గోరువెచ్చగా కూడా లేదు.

"తినకండమ్మా! కోడికూర తినకండి! అది పోయింది!"

మేనేజరు వచ్చి ఆమె భుజం పట్టి వెనక్కి లాగాడు. ట్రే జారి నేల మీద పడింది. బల్లల దగ్గర కొందరు ముక్కున వేలేసుకున్నారు, కొందరు చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని చూస్తున్నారు. దండ మెడలో ఉన్న టీచరమ్మ ప్లేటు అప్పటికే ఖాళీ.

చీకటి పడేలోగా పదమూడు మంది ఆసుపత్రిలో చేరారు. టీచరమ్మకి వాంతులు ఆగలేదు. మామ ఫోను చేసి చెప్పగానే ముక్కక్క చెప్పులు వేసుకుంది. "నేనూ వస్తాను" అన్నాడు భర్త. ఇద్దరూ వెళ్ళారు. ఆమె తిన్నగా నర్సు దగ్గరికి పోయి, ఏ కూర, ఎప్పుడు వండింది, ఎన్ని గంటలకి బల్ల మీద పెట్టింది, అంతా చెప్పింది. ఫ్రిజ్ సంగతి మామ మేనేజరు నోటి నుంచి రాబట్టాడు, అదీ చెప్పింది. నర్సు గబగబా రాసుకుని డాక్టరు దగ్గరికి పోయింది.

వరండాలో ఓ అమ్మాయి లేచి నిలబడింది. టీచరమ్మ కూతురు.

"మీరెవరు?"

"ఆ కూర బాగుందని చెప్పిన మనిషిని."

ఆ అమ్మాయి "వెళ్ళిపోండి. మా అమ్మ కళ్ళబడకండి" అంది. గట్టిగా కూడా అనలేదు. ముక్కక్క తల ఊపి, భర్త మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

మర్నాడు పొద్దున హోటలు వంటిల్లు అద్దంలా ఉంది. నేలంతా రెండుసార్లు కడిగారు, కొత్త గరిటెలు వేలాడదీశారు, సబ్బు సీసాలో చిక్కటి సబ్బు పోశారు. యజమాని ఆమెని పక్కకి పిలిచాడు.

"ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. వాళ్ళు బయట నుంచి కేకు తెచ్చుకున్నారు, అందరూ అదే తిన్నారని చెప్పు. నీ ముక్కు సంగతి వంటవాళ్ళు చెప్పారు. అయినా ఏమీ అనను. హాయిగా ఇక్కడే ఉండు."

ఎన్నాళ్ళ నుంచో ఆ చివరి మాట కోసమే ఆమె బతికింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పుస్తకం తెరవగానే, అడక్కముందే మొదలుపెట్టింది. ముందు తన ముక్కు సంగతి చెప్పింది. తర్వాత నిన్నటిదాన్ని ఇవాళ్టి దాంట్లో కలపడం, వెలగని మంటలు, ఒకే గరిటె, రంగు నీళ్ళు. ఆయన ఒకటి రాయడం పూర్తయ్యేదాకా ఆగి, తర్వాతిది చెప్పింది.

యజమాని చేతులు జోడించాడు. "విన్నారు కదా సార్? ముక్కు పనిచేయకపోయినా మమ్మల్ని మోసం చేసి పనిలో ఉంది. మేం ఆవిణ్ణి నమ్మాం."

మామ గుమ్మంలో నిలబడి నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. ఇద్దరు ఆడపిల్లల చదువు అతని మీదే ఉంది. ఆమె అతని వైపు చూడలేదు.

హోటలుకి నెల రోజులు తాళం పడింది. ముక్కక్కని ఆ రోజే పంపేశారు. టీచరమ్మ తొమ్మిదో రోజున ఇంటికి వెళ్ళిందని తెలిసింది. కానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఇక మందులతోనే బతకాలట. ఆ మాట విన్నప్పటి నుంచి ముక్కక్కకి ముద్ద దిగలేదు. అసలే రుచి తెలియని నోరు. కంచం ముందు కూర్చుంటే, "నువ్వు ఇలా ఎండిపోతే నాకెవరే?" అని భర్త వణికే చేత్తోనే కలిపి తినిపించేవాడు. సగం కింద పడేది.

పనికోసం ఆరు చోట్ల తిరిగింది. అన్ని చోట్లా ముందే చెప్పింది, నాకు వాసన తెలియదని. వంటిళ్ళవాళ్ళు దండం పెట్టారు. రెండు నెలలకి ఒక ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట తీసుకున్నారు. అక్కడ నడుం విరిగే పని. రక్తం, మలం అంటిన దుప్పట్లు విడదీసి మరగబెట్టాలి.

ఓ మధ్యాహ్నం మామ వెతుక్కుంటూ వచ్చాడు. హోటలుకి కొత్త రంగు వేసి మళ్ళీ తెరిచారు. పదకొండింటికి డబ్బాలు బల్ల మీదకి వస్తూనే ఉన్నాయి. "ఇప్పుడు మేనేజరే వంగి చూస్తున్నాడే. వాడికేం తెలుస్తుంది? ముప్పొద్దులా సిగరెట్టు!" అన్నాడు.

"ఈసారి ఇన్‌స్పెక్టరుకి నువ్వు చెప్పు మామా."

మామ కాయితం అడిగాడు.

ఇద్దరూ ఉతికే గది బయట బెంచీ మీద కూర్చుని రాశారు. మామ చెప్తుంటే ఆమె రాసింది. కింద ఇద్దరూ సంతకం పెట్టారు. ఇన్‌స్పెక్టరు ఆఫీసులో ఇచ్చొస్తే, ఆ వారం ఎవరూ తనిఖీకి వెళ్ళలేదు. మరుసటి వారం ఇద్దరు వెళ్ళారని మామ కబురు పంపాడు. ఏం చూశారో, ఏం రాసుకున్నారో ఆమెకి ఎవరూ చెప్పలేదు. రోజూ పని దిగి వెళ్ళేటప్పుడు ఆ ఆఫీసు కిటికీ దగ్గర ఆగి అడుగుతోంది. "ఫైలు పైన ఉందమ్మా" అంటున్నాడు గుమస్తా.