కోసేసిన తీగలో వచ్చిన కబురు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఖరగ్‌పూర్‌లో రైల్వే బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచరును నేను. అలాంటి నేనే ఇది రాయాల్సి వస్తోంది.

అప్పట్లో రైల్వే క్వార్టర్‌లో అమ్మా నేనూ ఉండేవాళ్లం. తమ్ముడు రమణ సరుకు ఓడలో పనికి వెళ్లాడు. వెళ్లేముందు మా కంప్యూటర్‌లో విండోస్ పీకేసి లినక్స్ ఎక్కించాడు. వాడి సరదా వాడిది. దాంతో ఫోను తీగ మీద నెట్ కలిపే లోపలి మోడెమ్ మూగబోయింది.

కొన్నాళ్లకు వాడి ఓడ వెళ్లే దారిలో తుఫాను అన్నారు. ఆ తర్వాత కబురు లేదు. రోజూ నెట్ సెంటర్‌కు వెళ్లి మెయిల్ చూసేదాన్ని. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే, ఈలోగా వచ్చిందేమోనని మనసు పీకేది. అమ్మ అన్నం ముట్టడం మానేసింది.

ఇక లాభం లేదని గోల్‌బజార్‌లో మనవాళ్ల కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. చవకగా ఉందని లోపల బిగించే మోడెమ్ కార్డు పట్టుకున్నాను.

"లినక్స్‌కి ఇది పనిసెయ్యదు దీదీ. దీని పని సగం విండోసే సేస్తాది. బయట పెట్టుకునే డబ్బా తీసుకోండి, దేనికైనా పలుకుతాది" అన్నాడు దుకాణదారు.

అదే కొన్నాను. ఆదివారం మధ్యాహ్నం ఈమధ్యే కంప్యూటర్ మార్చిపెట్టిన లోపలి గదిలో, గోడకున్న ఫోను సాకెట్‌కు తగిలించాను. ముందు గదిలోని మా ఫోనుకే ఇది రెండో సాకెట్ అనుకున్నాను. మోడెమ్ కీచుమంది, గురగురలాడింది, కలిసింది. రమణ మెయిల్ వచ్చి ఉంది. ఓడ దెబ్బతిందట, మనుషులందరూ క్షేమమట. అమ్మ నా భుజం పట్టుకుని ఏడ్చింది.

"వచ్చీమని రాయే. ఇంక ఓడా వద్దు, ఏటీ వద్దు" అంది. అలాగే రాసి పంపాను.

మర్నాడు డయల్ టోన్ లేదంది మోడెమ్. ఎన్నిసార్లు తిప్పినా అదే మాట. కోపంగా దుకాణానికి మోసుకెళ్లి గొడవపడ్డాను. ఆయన తన లైనుకు తగిలిస్తే వెంటనే పలికింది. సిగ్గుపడి తిరిగొచ్చి, ఈసారి సాకెట్ నుంచి తీగ ఎటు వెళ్లిందో చూసుకుంటూ పోయాను.

అది మా ఫోను తీగ కాదు. మాకు ముందున్నవాళ్ల రైల్వే ఫోనుది. ఆఫీసులకూ స్టేషన్లకూ తప్ప బయటి నంబర్లకు పోని లైను. వాళ్లు ఖాళీ చేసినప్పుడు కిటికీ బయటే కోసేశారు. కోసిన కొన మీద పాత సున్నం గట్టిపడి ఉంది.

లోపలికొచ్చి అమ్మకు చెప్పాను. "ఏ తీగైతే నీకేటే, బతికున్నాడు కదా" అని పళ్లెం ముందుకు లాక్కుంది.

నేను కలగన్నానని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకుని ఊరుకోవాలని చూశాను. మోడెమ్‌ను ముందు గదిలోకి మార్చాను. అయినా లోపలి గదిలోకి వెళ్తే కాలు నిలిచేది కాదు.

రమణ ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు. భోజనాల దగ్గర వాడే ఎత్తాడు.

"ఇంకో ఓడకి సంతకం ఎట్టీడానికి వెళ్తన్నానక్కా. అంతలో నీ మెయిల్ సూసినాను. అమ్మ వచ్చీమంది అని ఉంది. కలం అక్కడే ఎట్టీసి వచ్చీసినాను."

అమ్మ వాడికి ఇంకో ముద్ద కలిపి పెట్టింది. ఆ జవాబు నేను పంపింది ఒక్కసారే. ఆ తీగలోంచే. అదెలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు.